మా తోడికోడలి కన్ను



పడిసెము రాని యిల్లు లేదు. పడిసెమునకు వైద్యుని పిలిచిన యిల్లును అరుదు. ముక్కు దిబ్బడ వేసినచో పసుపుకొమ్ము కాల్చిన పొగ, గొంతు పట్టినచో మిరియాల కషాయము, చంటిబిడ్డకు వాము మూట, పెద్దలకు వావిలాకు వేసి కాచిన నీటి యావిరి - ఇవి తల్లుల నుండియు అత్తల నుండియు మనకు సంక్రమించిన వైద్యము. దానిని నేను చులకన చేయబోవుట లేదు. మా యింట నేటికిని వాము డబ్బా నిండుకొననీయను. కాని, పడిసెము వేషమున వచ్చి, పడిసెమువలెనే యేండ్ల తరబడి యింటిలో మెలగుచు, తుదకు కంటిచూపునకే యెసరు పెట్టు వ్యాధి యొకటి కలదు. దాని పేరు మా యూర నెవ్వరును విని యుండలేదు. అది మా యింటికి వచ్చినందున మేము వినవలసి వచ్చినది. విన్నదానిని, కన్నదానిని ఈ పత్రికలో వ్రాయుటకు మా చిన్న తోడికోడలు సమ్మతించినది. తన పేరు మాత్రము వ్రాయవలదని కోరినది గనుక, ఇంటిలో పిలుచునట్లే చెల్లెలనియే వ్రాసెదను.

మాది కోనసీమలో కాలువగట్టున నున్న పల్లెటూరు. చుట్టును కొబ్బరితోటలు, వరిచేలు. వానకాలమున గోడలకు చెమ్మ యెక్కి, పెట్టెలోని పట్టుచీరలమీదను, అటకమీది ఊరగాయ జాడీల మూతలమీదను బూజు పట్టుట మాకు వింత కాదు. ఎండ కాసిన దినమున అన్నియు పెరటిలో పఱచి, దులిపి, మరల సర్దుకొందుము. చెల్లెలు 2014లో మా యింట కాలు పెట్టినపుడు ఆమెకు ఇరువది యొక్క సంవత్సరములు. అప్పటికే ఆమెకు ముక్కు దిబ్బడ యుండెను. రాత్రులు నోరు తెఱచియే నిద్రించెడిది. తెల్లవారుజామున లేచిన వెంటనే పది పదునైదు తుమ్ములు వరుసగా వచ్చెడివి. ఆ తుమ్ములు వినియే మామగారు, తెల్లవాఱినదని లేచి పశువుల కొట్టమునకు పోయెడివారు. అవి అంతగా మా యింటి దినచర్యలో కలిసిపోయినవి.

ఆమెకు వాసన తెలియదను సంగతి మాత్రము రెండేండ్లకు గాని బయటపడలేదు. పాలు మాడి, గిన్నె యడుగంటి, ఆ కంపు వీధి యరుగు వఱకు వచ్చినను, పొయ్యికి మూరెడు దూరమున కూర్చుండి కూర తఱుగుచున్న చెల్లెలు తల యెత్తెడిది కాదు. పోపు మాడినను అంతే. "దీని ధ్యాస యెచ్చట నున్నదో!" యని అత్తగారు విసుగుకొనెడివారు. ఒకనాడు గ్యాసు గొట్టము వదులై వంటిల్లంతయు గ్యాసు నిండగా, అగ్గిపుల్ల గీయబోవుచున్న ఆమె చేతిని మా పెద్దవాడు పట్టుకొని యాపెను. ఆనాటి రాత్రి పెరటిలో నేను అడుగగా, "అక్కా, నాకు వాసనలు తెలియక ఆఱేండ్లయినది. చెప్పినచో నవ్వుదురని చెప్పలేదు" అనెను. కన్ను లేదన్న జాలిపడుదురు. చెవి లేదన్న బిగ్గఱగా మాటలాడుదురు. ముక్కు పనిచేయదన్న నిజముగా నవ్వుదురు. ఆమె భయము అకారణము కాదు.

మఱియొక గుఱుతు కూడ ఆనాడే తెలిసినది. ముక్కు చీదినపుడు ఒక్కొక్కసారి నీరు కాక, ముదురు గోధుమవన్నె గల బంక ముద్దలు పడుచుండెను. పాత తుమ్మజిగురు నానబెట్టినపుడు ఎట్లుండునో అట్లుండెను. ఇట్టి మాటలు కుటుంబ పత్రికలో వ్రాయుట కొందఱికి రోతగా తోచవచ్చును. కాని తరువాత మాకు వైద్యము చేసిన వైద్యుడు, ఆ జిగురును గూర్చి ఎవరైన ముందే అడిగి యున్నచో సగము వ్యాధి అప్పుడే తెలిసియుండెడిదని చెప్పెను. అందుచే రోతను ప్రక్కకు నెట్టి వ్రాయుచున్నాను. చెల్లెలిని ఊరి వైద్యునికి చూపితిమి. అతడు సూదిమందు వేసి మాత్రలిచ్చెను. పట్టణపు వైద్యునికి చూపితిమి. ఆయన తలనొప్పిని పార్శ్వపు నొప్పిగా నెంచి దానికి మందిచ్చెను. మందులకు కొంత తగ్గుటయు, మరల వచ్చుటయు జరుగుచుండెను.

2018 శ్రావణమాసమున, వరలక్ష్మీ వ్రతమునాటి యుదయమున, చెల్లెలు అద్దము ముందు నిలిచి కాటుక పెట్టుకొనుచుండగా, ఆమె కుడికన్ను ఎడమకంటికంటె కొంచెము ముందునకు వచ్చినట్లు నాకు తోచినది. కాటుక గీటునకు పైన తెల్లగ్రుడ్డు ఎక్కువగా కనబడుచున్నది. అత్తగారిని పిలిచి చూపితిని. ఆమె దిష్టి తగిలినదని ఉప్పు, మిరపకాయలు త్రిప్పి నిప్పులలో వేసిరి. నేనును ఆ సాయంకాలము చెల్లెలు వేసిన ముగ్గును చూచితిని. పదునైదు చుక్కల ముగ్గులో ఎడమవైపు వరుసలు తీర్చినట్లున్నవి. కుడివైపు చుక్కలు ఒకదానిపై నొకటి పడినవి. చిన్ననాటి నుండి ముగ్గులలో బహుమతులు గెలిచిన పిల్ల ఆమె. నేనేమియు ననకముందే ఆమెయే నన్ను దేవుని గదిలోనికి తీసికొనిపోయి, కుంకుమ భరిణె చేతికిచ్చి, "అక్కా, ఎడమకంటితో చూచిన ఇది ఎఱ్ఱగా నున్నది. కుడికంటితో చూచిన ఇటుకపొడివలె నున్నది. ఎందుచేత?" అని యడిగెను.

మఱునాడే అమలాపురము పోయి కళ్ళజోళ్ళ దుకాణమున పరీక్ష చేయించితిమి. అచ్చటి కుఱ్ఱవాడు ఒకటి తరువాత నొకటి అద్దము మార్చి చూచెను. ఎడమకంటికి చివరి వరుస వఱకు అక్షరములు కనబడినవి. కుడికంటికి ఏ యద్దము పెట్టినను పై పెద్ద యక్షరము తప్ప మఱేమియు కనబడలేదు. "అమ్మా, ఇది అద్దముతో తీరునది కాదు. పెద్ద వైద్యులకు చూపుడు" అని చెప్పి, పరీక్షకు సొమ్ము కూడ పుచ్చుకొనలేదు. అమ్మదలచినచో ఒక జోడు అమ్మగలిగియుండెడివాడే. ఆ కుఱ్ఱవానిని నేను మఱువలేదు.

కాకినాడలో ఒక కంటి వైద్యురాలు చూచెను. చీకటి గదిలో కూర్చుండబెట్టి, చేతి దీపమును ఒక కంటినుండి రెండవ కంటికి, మరల మొదటి కంటికి త్రిప్పుచు కనుపాపలను పరిశీలించెను. మంచి కంటిపై వెలుగు పడినపుడు కనుపాప ముడుచుకొనవలయును. చెల్లెలి కుడికంటిపై వెలుగు పడినపుడు అది ముడుచుకొనుటకు మాఱుగా విచ్చుకొనెనట. తరువాత ఎఱ్ఱని సీసామూత నొకదానిని ఒక్కొక్క కంటికి చూపి రంగెట్లున్నదని యడిగెను. కుంకుమ భరిణె సంగతి అప్పుడు చెప్పితిమి. ఆమె తల యూచి, "కన్ను బాగుగనే యున్నది. కంటి వెనుకనున్న నరము నొక్కుకొనిపోవుచున్నది. ముక్కు ఎట్లుండును? వాసనలు తెలియునా?" అని యడిగెను. కంటిని చూపుటకు పోయినవారిని ముక్కును గూర్చి యడుగుట వింతగా తోచవచ్చును. నాకు మాత్రము, నాలుగేండ్లుగా ఎవ్వరును అడుగని ప్రశ్న యొకరు అడిగిరన్న తెరపి కలిగినది.

ఆనాటి సాయంకాలమే తలకు సి.టి. స్కానను ఛాయాచిత్రము తీసిరి. ఎముకల లోపలి భాగములను ముక్కలు ముక్కలుగా చూపు ఈ యంత్రమును ఇంగ్లండునందు హౌన్స్‌ఫీల్డను ఇంజనీరు నిర్మింపగా, 1971లో మొదటి రోగికి ఉపయోగించిరి. అందులకు ఆయనకు 1979లో నోబెలు బహుమానము వచ్చినది. ఆ చిత్రమును వెలుగునకు పట్టి ముక్కు వైద్యుడు మాకు వివరించిన దానిని, నాకర్థమైనంతవఱకు, ఇచ్చట తెలుపుదును.

ముఖమందలి యెముకలు మనమనుకొనునట్లు గట్టి దిమ్మలు కావు. చెక్కిళ్ళ వెనుక రెండు, నుదుటిలో రెండు, కన్నుల నడుమ తేనెపట్టువంటి చిన్నగదుల గుంపులు రెండు, అన్నిటికంటె లోపల, మెదడునకు క్రింద రెండు - ఇట్లు గాలి నిండిన గదులున్నవి. వీనికే సైనసులని పేరు. ఈ గదులన్నియు సన్నని ద్వారములచే ముక్కులోనికి తెఱచుకొని, తమలో నూరు తడిని బయటికి పంపుచుండును. కంటినుండి మెదడునకు చూపును కొనిపోవు నరము, ఆ లోపలి గది గోడను ఆనుకొనియే పోవును. ఆ గోడ కొందఱికి కాగితమంత పలుచన. కొందఱికి కొంతమేర గోడయే యుండదు. మఱికొందఱికి కన్నుల నడిమి గదులలో వెనుకటిది పెద్దదై ఆ నరముపైకి వ్యాపించి యుండును. హంగరీ దేశపు వైద్యుడు ఓనోడి దానిని వర్ణించినందున ఆయన పేరుననే పిలుతురట. చెల్లెలికి కుడివైపున అట్టి గదియే యున్నది.

ఇక గాలిలో బూజురేణువులు లేని తావు లేదు. ఆస్పర్జిల్లసు, బైపోలారిసు, కర్వులేరియా అను పేర్లు గల బూజులు మట్టిలో, కుళ్ళిన ఆకులలో, చెమ్మ గోడలలో పెరుగుచుండును. వాని రేణువులను మనమందఱమును పీల్చుచునే యున్నాము, మనకేమియు కాదు. అలర్జీ గల కొందఱి దేహము మాత్రము, లోనికి వచ్చిన యా రేణువును గొప్ప శత్రువుగా నెంచి అవసరమునకు మించిన యుద్ధము చేయును. రక్తమున ఐ.జి.ఇ. యను పదార్థము పెరుగును. ఇయోసినోఫిలు లను కణములు గుంపులుగా వచ్చి చచ్చి, ఆ శిథిలములు, బూజుపోగులు, తడి కలిసి గట్టి జిగురగును. ముక్కులో ద్రాక్షగుత్తులవంటి కండలు పెరిగి ద్వారములను మూయును. ద్వారము మూసికొనిపోయిన గదిలో జిగురు మఱింత పేరుకొనును. ఇట్లు సంవత్సరములు జరుగును. బూజు కండలోనికి చొరబడదు, ఎముకను తినదు. కాని నిండి నిండి, లోపలినుండి గోడను నెట్టి నెట్టి, ఎముకను గ్రుడ్డుపెంకువలె పలుచన చేయును. అట్లు నెట్టుటవలననే చెల్లెలి కన్ను ముందునకు వచ్చినది. నరమునకు ఆ యొత్తిడియు, చుట్టుపట్ల వాపును రెండును తగిలి చూపు తగ్గినది.

ఇంకొక చిత్రము. అయస్కాంతశక్తితో తీయు ఎం.ఆర్.ఐ. చిత్రములో, ఈ జిగురు ఎండి గట్టిపడియుండుటచే, ఒక రీతిగా తీసినపుడు కటిక నలుపుగా కనబడును. గాలియు నలుపే. అనుభవము లేనివారు చూచినచో, నిండియున్న గదిని ఖాళీగా నున్నదని భ్రమపడవచ్చును. అందుచే రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలయునని వైద్యుడు చెప్పెను.

ఈ వ్యాధిని వేఱు వ్యాధిగా గుర్తించి నేటికి అర్ధశతాబ్దము మాత్రమే. ఊపిరితిత్తులలో బూజు అలర్జీ గలవారికి ముక్కులోను అట్టి జిగురే యుండుట 1976లో సేఫర్‌స్టీనను వైద్యుడు కనిపెట్టెను. 1983లో అమెరికాలో కాట్జెన్‌స్టైన్ అను వైద్యురాలు - అవును, స్త్రీయే - సూక్ష్మదర్శినితో ఆ జిగురును పరీక్షించి దీనికొక పేరు పెట్టెను. 1994లో బెంట్, కూన్ అను నిరువురు దీనిని గుర్తించుటకు అయిదు లక్షణములు నిర్ణయించిరి. అంతకు పూర్వము, ఎముక పలుచబడుట చూచి క్యాన్సరని భ్రమపడిన సందర్భములును కలవు. వేడియు తేమయు గల సీమలలో, అందును యౌవనమున నున్నవారిలో, దేహబలము సన్నగిల్లనివారిలో ఈ వ్యాధి యెక్కువట. మా కోనసీమకు వేడికిని తేమకును కొదువ యేమి?

శస్త్రచికిత్స చేయవలయును, అదియు ఆలసింపక చేయవలయునని వైద్యుడు చెప్పెను. నరము ఒత్తిడిచే మూర్ఛిల్లియున్నంతవఱకు ఆశ కలదు. పాలిపోయి యెండినచో ముక్కులోని జిగురంతయు తీసినను చూపు రాదు. వారములు కాదు, దినములు లెక్కపెట్టుకొనుడని ఆయన మాట. ఆనాటినుండియే స్టెరాయిడు మందు సూదిద్వారా మొదలుపెట్టిరి.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగా, అసలు వ్యాధికంటె పెద్ద తగవు బయలుదేరినది. మా మఱది చెడ్డవాడు కాడు. కాని చుట్టములు చేరి, ఇది పెండ్లికి పూర్వమే యున్న జబ్బు గనుక పుట్టింటివారు దాచి పిల్లనిచ్చిరనియు, వారే తీసికొనిపోయి వైద్యము చేయించుట న్యాయమనియు బోధించిరి. ఆతడు మాఱు పలుకలేదు. చెల్లెలి తండ్రి బడిపంతులుగా పనిచేసి విరమించినవాడు. పిలిచిన రాకపోడు, కాని సొమ్ము కూర్చుకొనుటకు పక్షము దినములైన పట్టును. పంట పండిన యేట పిల్ల మాది, పండ్లు రాలిన యేట పుట్టింటిది యను ఈ లెక్క మన యిండ్లలో ఎన్నాళ్ళనుండి సాగుచున్నదో! పడిసెమును దాచుట యేమి? ఆ పిల్ల ముక్కు చీదుచునే పెండ్లిపీటలమీద కూర్చున్నది, అందఱమును చూచితిమి. ఆ మాట నేను అందఱి యెదుటను అంటిని. పెద్దకోడలికి నోరు లేచినదని ఒక పెద్దమనిషి అనెను. లేచినదే.

తగవు తీర్చినది నేను కాను. అత్తగారు లోపలికి పోయి, మూడేండ్లుగా కొబ్బరికాయల సొమ్ములో మిగిల్చి, కాశీయాత్రకై బియ్యపు డబ్బాలో దాచుకొనిన మూటను తెచ్చి మావారి ముందు పెట్టిరి. ఒక్క మాట యనలేదు. చుట్టములు కాఫీలు త్రాగి వెడలిపోయిరి. మఱునాడు బస్సు ఎక్కునపుడు మాత్రము, పాలగిన్నె అడుగంటినదని ఆమె చెల్లెలిని ఎప్పటివలెనే కసిరిరి. కాశీయాత్ర మరల రెండేండ్లు వెనుకబడినది.

ఒకప్పుడు ఇట్టి శస్త్రచికిత్సకు పైపెదవి లోపలనో, ముక్కు ప్రక్కనో కోసి ఎముకను తొలిచెడివారట. నేడు ముఖముపై గాటు లేకుండ, సన్నని దూరదర్శినివంటి గొట్టమును ముక్కు రంధ్రమునుండి పంపి, లోపలి భాగమును తెరపై చూచుచు చేయుదురు. ఆస్ట్రియా దేశపు గ్రాట్సు నగరమున మెసర్‌క్లింగరను వైద్యుడు ఈ గదుల తడి యేమార్గమున పోవునో ఎంతో కాలము పరిశోధించి చూపుటవలనను, 1985 ప్రాంతమున అమెరికాలో కెన్నడీ యను వైద్యుడు దానిని వ్యాప్తికి తెచ్చుటవలనను ఇది సాధ్యమైనది. చెల్లెలిని లోపలికి కొనిపోయిన తరువాత బయట బల్లమీద మూడు గంటలు కూర్చున్నాము. మా మఱది ఆ మూడు గంటలును కూర్చుండలేదు. వసారా కొననుండి కొనకు నడచుచునే యుండెను. తీసిన జిగురును వైద్యుడు గాజుసీసాలో తెచ్చి చూపెను. ఇంత పదార్థము ఆ చిన్న ముఖములో ఎట్లు పట్టినదో యని ఆశ్చర్యపడితిమి. పరీక్షలో బూజుపోగులును, ఉబ్బసరోగుల కఫమున కనబడు సూదులవంటి స్ఫటికములును ఉన్నట్లు తేలినది.

శస్త్రచికిత్సకు ముందు ఆమె కుడికంటితో మూరెడు దూరమున వ్రేళ్ళను మాత్రము లెక్కింపగలిగెడిది. మూడవనాడు కిటికీ చువ్వలు కనబడుచున్నవనెను. మూడు మాసములకు పరీక్షపటములోని మూడవ వరుస చదివెను. అంతటితో ఆగినది. కుంకుమ ఇటుకపొడి కాకపోయినను, ఎడమకంటికి తోచినంత యెఱ్ఱగా కుడికంటికి నేటికిని తోచదు. కుడిప్రక్క క్రిందివైపున కొంతభాగము చూపులో లేదు. మెట్లు దిగునపుడు తల వంచి చూచుకొనును. దీనిని వైద్యులు మంచి ఫలితమనియే చెప్పిరి. మంచి ఫలితమెందులకో నాకు ప్రక్క మంచము చూపినది. అచ్చట పదునెనిమిదేండ్ల విద్యార్థి యొకడుండెను. అతనికిని ఇదే వ్యాధి. ఎడమచూపు పోయి ఎనిమిది మాసములైన పిమ్మట వచ్చినాడు. వాని ముక్కు బాగుపడినది, తలనొప్పి పోయినది, ముందునకు వచ్చిన కన్ను చోటికి చేరినది. చూపు రాలేదు. వాని తల్లి ప్రతి యుదయమును వాని కంటిముందు చేయి ఆడించి, "కనబడుచున్నదా నాన్నా?" అని యడుగుట నేను విన్నాను. ఆ పిల్లవాడు తల్లి కొఱకు, కొంచెము కనబడుచున్నదని చెప్పెడివాడు.

చెల్లెలికి వాసన కూడ తిరిగి వచ్చినది. ఆస్పత్రిలో ఆఱవనాడు నేల తుడుచునపుడు ఆమె లేచి కూర్చుండి, "అక్కా, ఇదేమి వాసన?" అనెను. ఫినాయిలు! ఎనిమిదేండ్ల తరువాత ఆమెకు తెలిసిన మొదటి వాసన అది. ఆమె ఏడ్చెను. నేల తుడుచు అవ్వ తన వలన తప్పేమి జరిగినదో యని బెదరిపోయినది.

శస్త్రచికిత్సతో వ్యాధి తీరిపోవునని యెవ్వరును తలంపరాదు. దేహపు తత్త్వము మాఱదు గనుక జిగురు మరల పేరుకొనవచ్చును, చాలమందికి పేరుకొనునట. స్టెరాయిడు మాత్రలను వైద్యుడు చెప్పిన రీతిని మెల్లమెల్లగా తగ్గించుకొనవలయునే గాని ఒక్కమాఱుగా మానరాదు. ఆ మాత్రలచే చెల్లెలి ముఖము పూర్ణిమ చంద్రునివలె ఉబ్బినది, ఆకలి విపరీతమైనది. పిల్ల ఒళ్ళు చేసినదని ఊరిలో మెచ్చుకొనిరి! పిదప ముక్కులో కొట్టుకొను మందు, ఉప్పునీటి కడుగుడు నిత్యకృత్యములైనవి. కాచి చల్లార్చిన పావులీటరు నీటిలో అరచెంచా ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, ఒక ముక్కునుండి పోసి రెండవదానినుండి విడుచుట. మన యోగులు చెప్పిన జలనేతి యిదియే. కాచని నీటిని మాత్రము ఎంతమాత్రమును వాడరాదు. నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు ముక్కునుండి మెదడునకు ప్రాకి ప్రాణము తీయగలవు. మా యింట ఆ నీరు కాచు బాధ్యత మా మఱదిది. అడుగకుండ తానే పైన వేసికొనెను.

2020 మార్చిలో దేశమంతయు మూతపడినది. ఆ వేసవిలోనే చెల్లెలికి మరల దిబ్బడ మొదలై వాసన తగ్గినది. కాకినాడ పోవుటకు వీలులేదు. వైద్యుడు టెలిఫోనులో చెప్పిన మందులతో ఆమె అయిదు మాసములు గడపెను. ప్రతి యుదయమును ఒక కన్ను మూసి కుంకుమ భరిణెను చూచుకొని, రంగు మాఱలేదని నాతో చెప్పిన తరువాతనే కాఫీ పెట్టెడిది. రంగు మాఱలేదు. దారులు తెఱచుకొనిన పిమ్మట రెండవ శస్త్రచికిత్స జరిగినది. ముందే పట్టుకొనుటచే చూపునకు హాని లేకపోయినది.

ఆమెను ఎక్కువగా బాధించినది శస్త్రచికిత్స కాదు, 2021 మే మాసము. కరోనానుండి కోలుకొనినవారికి, అందును మధుమేహము గలవారికి, నల్ల ఫంగసు అని జనులు పేరు పెట్టిన మ్యూకరు వ్యాధి సోకి, హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు వైద్యశాల రోగులతో నిండిపోయినదని పత్రికలు వ్రాయుచుండెను. ముక్కులో బూజు, కంటికి ముప్పు అని వినిన మా యూరివారికి చెల్లెలు జ్ఞాపకము వచ్చినది. పేరంటమునకు పిలుపు మానిరి. ఒకామె తన కూతురిని మా నూతివద్దకు రానీయలేదు.

ఈ రెండు వ్యాధులకును పేరులోని బూజు తప్ప పోలిక తక్కువ. మ్యూకరు, దేహబలము సన్నగిల్లినవారిపై పడి, రక్తనాళములలోనికి చొచ్చి, కండను ఎముకను దినములలో చంపును. దానికి వెంటనే వైద్యము చేయనిచో ప్రాణమే పోవును. చెల్లెలి వ్యాధి దేహబలము తక్కువై వచ్చినది కాదు. దేహము అతిగా పోరాడుటచే వచ్చినది. అది సంవత్సరములు పట్టును, కండను ముట్టదు. ఈ రెంటిలో నేదియు ఒకరినుండి యొకరికి అంటునది కాదు. నేనీ మాటలు ఇల్లిల్లు తిరిగి చెప్పితిని. వినినవారు కొందఱు, వినినట్లు తల యూచి తలుపు వేసికొనినవారు కొందఱు. ఆ యేటి శ్రావణమున చెల్లెలు ఎవ్వరి పిలుపునకును ఎదురుచూడక, తానే వాయనములు కట్టి వీధి మొదటినుండి చివరివఱకు ఇచ్చి వచ్చెను. పుచ్చుకొననని చెప్పుటకు ఎవ్వరికిని నోరు రాలేదు. నూతివద్దకు రానీయని యామెయు పుచ్చుకొనెను.

నేడు ఆమెకు ఆఱు మాసముల కొకసారి రక్తపరీక్షయు, గొట్టముతో ముక్కు పరీక్షయు జరుగుచున్నవి. వానకాలమున పెట్టెలు దులుపు పని ఆమెకు ఈయము, అది నాది. వాసన తగ్గుటయే వ్యాధి మరల వచ్చుటకు మొదటి గుఱుతని వైద్యుడు చెప్పినప్పటినుండి, అత్తగారు ఒక పద్ధతి పెట్టిరి. ప్రతి సోమవారమును చెల్లెలిని కన్నులు మూసికొనుమని, ఇంగువ డబ్బాయో, యాలకుల పొడియో, కాఫీ గింజలో ముక్కు దగ్గఱ పెట్టి ఏమిటో చెప్పుమందురు. ఒక్కొక్కసారి ఖాళీ డబ్బా పెట్టి, ఇంగువ యనునేమో యని చూచుటయు కలదు.